ఇచ్చిన డబ్బు ఎవరి చేతికి చేరింది?

పెళ్ళయిన నాలుగో రోజున లెక్కలు రాసుకుంటుంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక పద్దు దగ్గర కలం ఆగుతుంది. ‘చిల్లర మల్లర: 18 వేలు.’ టెంటు వాడికెంత, వంటకెంత, పంతులుగారికెంత అనేదానికి కాగితాలుంటాయి. ఈ 18 వేలు మాత్రం ఎవరు పట్టుకెళ్ళారో ఇంటాయనకీ తెలీదు, ఇంటావిడకీ తెలీదు. “మీ తమ్ముడి చేతికిచ్చాను కదా” అంటే, “నేను బావకిచ్చేశాను” అని తమ్ముడు, “బ్యాండు వాళ్ళు పీక్కున్నార్రా” అని బావ. అదే వేళకి మీ పెళ్ళిలో రెండు రోజులు గిన్నెలు తోమిన ఆడవాళ్ళు ఇంకో పెళ్ళిలో కూర్చుని, మొన్నటి ఆంధ్రావాళ్ళ ఇంట ఒక్క రూపాయి రాలలేదని చెప్పుకుంటూ ఉంటారు. మీరూ నిజమే చెప్తున్నారు, వాళ్ళూ నిజమే చెప్తున్నారు. డబ్బు ఖర్చయింది, మంచిమాట మాత్రం దక్కలేదు.

పెళ్ళిళ్ళలో పనివాళ్ళకిచ్చే బక్షీసు గురించి మాట్లాడితే అందరూ ‘ఎంత ఇవ్వాలి’ అని మొదలుపెడతారు. అది చిన్న ప్రశ్న. మన పెళ్ళిళ్ళలో తక్కువ ఇవ్వడం వల్ల పోయే పరువు కంటే, ఇచ్చింది చేరకపోవడం వల్ల పోయే పరువే ఎక్కువ. ఈ అధ్యాయమంతా ఆ చేరడం గురించే.

బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళో ఈ గొడవ ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాలుగేళ్ళలో నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా లైను పూర్తయ్యేసరికి ఈ ఊరు జంక్షనైంది. ఆ లైన్ల మీద పనికి, ఆ తరవాత ఉద్యోగాలకి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఇక్కడే క్వార్టర్లలో పిల్లల్ని కన్నారు, రిటైరయ్యాక తోర్వా, హేమూనగర్ వైపు ఇళ్ళు కట్టుకున్నారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే ప్రధాన కేంద్రమయ్యాక కొత్త కుటుంబాలూ చేరాయి. ఇప్పుడు ఇక్కడ తెలుగు పెళ్ళంటే ఒకే పందిట్లో రెండు ఆచారాలు. లోపల సన్నాయి, డోలు. బయట ఊరేగింపులో ఛత్తీస్‌గఢ్ ధుమాల్ బ్యాండు. మనవైపు నుంచి సంభావన, లాంఛనం, నూట పదహార్లు. వాళ్ళవైపు నుంచి నేగ్, న్యోఛావర్, శగున్ లిఫాఫా. ఎవరికి ఏ లెక్కన ఇవ్వాలో పందిట్లో పెద్దవాళ్ళకే స్పష్టంగా తెలీదు. పార్వతీపురం నుంచి దిగిన పెద్దనాన్న ఒక లెక్క చెప్తాడు, ఇక్కడే పుట్టి పెరిగిన మేనమామ ఇంకో లెక్క చెప్తాడు.

ముందు మూడింటిని విడదీసుకోండి. ఒకటి కూలి. పనికి ఒప్పుకున్న డబ్బు. రెండోది లాంఛనం. ఆచారం ప్రకారం ఫలానావాళ్ళకి దక్కాల్సినది. పంతులుగారి దక్షిణ, మంగలికీ చాకలికీ పెట్టే కొత్తబట్టలు, ఛత్తీస్‌గఢీ ఇళ్ళలో నౌ, ధోబీలకి వెళ్ళే నేగ్ ఇందులోకి వస్తాయి. మూడోదే బక్షీసు. అది మీ సంతోషం కొద్దీ ఇచ్చేది. మొదటి రెండూ బాకీల్లాంటివి, ఎగ్గొట్టకూడదు. మూడోది బాకీ కాదు కాబట్టే దాని మీద ఇన్ని తగాదాలు.

తగాదాలన్నీ మొదలయ్యేది బేరం దగ్గర. కేటరింగు ఠేకేదారుతో ప్లేటు రేటు మాట్లాడుతూ, “ఓ ఇరవై తగ్గించవయ్యా, నీ కుర్రాళ్ళ సంగతి మేం చూసుకుంటాంలే” అనని పెళ్ళిపెద్ద లేడు. ఆ మాట వినడానికి ఔదార్యంలా ఉంటుంది గానీ అది శుద్ధ మోసం. ఠేకేదారు ఆ ఇరవై తన లాభంలోంచి తగ్గించుకోడు, కుర్రాళ్ళ రోజుకూలిలోంచి తగ్గిస్తాడు. “పెళ్ళివాళ్ళు ఇస్తారు, వాళ్ళనడుక్కోండి” అని వాళ్ళని మీ మీదకి తోలుతాడు. ఇక తెల్లారేసరికి కుర్రాళ్ళు గుంపుగా వచ్చి నిలబడితే, ‘ఏం జనంరా బాబూ, పీక్కుతింటున్నారు’ అని విసుక్కుంటాం. వాళ్ళడిగేది వాళ్ళ కూలి. దానికి బక్షీసు అని పేరుపెట్టింది మనమే. కాబట్టి బేరంలో బక్షీసు మాటే ఎత్తకండి. రేటు రేటే. “మీ మనుషులకి పూర్తి కూలి నువ్విస్తావు, మా సంతోషం మేం విడిగా వాళ్ళ చేతికే ఇస్తాం” అని ఒక్క మాట ముందే చెప్పెయ్యండి. మాట తీరు చూస్తే ఠేకేదారు ఎలాంటివాడో కూడా అక్కడే తెలిసిపోతుంది.

పనిలో తేడా వస్తే? సాంబారు మాడింది, రెండో పంక్తికి గారెలు అందలేదు. ఆ కోపం బక్షీసు మీద చూపించకండి. మాడ్చినవాడు వంట మేస్త్రీ, ఒప్పుకున్నవాడు ఠేకేదారు. కారణం చెప్పి బిల్లులో కొయ్యండి. నీళ్ళ గ్లాసులు అందించిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఆ సాంబారుతో ఏం సంబంధం?

ఇప్పుడు ఊరేగింపు. డబ్బు ఎక్కువ చేతులు మారేదీ, ఎక్కువ వృథా అయ్యేదీ ఇక్కడే. ధుమాల్ వాళ్ళు ఊపందుకున్నాక పెళ్ళికొడుకు బాబాయిలు పది రూపాయల కట్టలు విప్పుతారు. నోటు తీసి పెళ్ళికొడుకు తల చుట్టూ తిప్పి వాయించేవాళ్ళకివ్వడమే న్యోఛావర్. దిష్టి తీసినట్టూ ఉంటుంది, కళాకారుడికి ముట్టినట్టూ ఉంటుంది. ముచ్చటైన పద్ధతే. కానీ రెండో పాటకల్లా తిప్పడం పోయి విసరడం మొదలవుతుంది. నోట్లు గాల్లోకి, అక్కణ్ణుంచి కాళ్ళకిందకి. పెళ్ళిళ్ళలో నోట్లు చల్లొద్దని, దండలు కట్టొద్దని రిజర్వు బ్యాంకు ఎప్పణ్ణుంచో విన్నవించుకుంటూనే ఉంది. ఆ సంగతి అలా ఉంచండి, అసలు ఆ నోట్లు ఎవరికి దొరుకుతాయో చూడండి.

ఊరేగింపుకి రెండు పక్కలా దీపాల వరస నడుస్తుంది కదా. తలమీద చుట్టకుదురు, దాని మీద దీపాల చట్రం, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నడిచే ఆడవాళ్ళు. ఒకరి చట్రం నుంచి ఇంకొకరి చట్రానికి కరెంటు తీగ. ఆ తీగల చివర వెనకాల తోపుడుబండి మీద జనరేటరు. ముందున్నావిడ ఆగితే అందరూ ఆగాలి, వెనకున్నావిడ తూలితే ముందున్నావిడ మెడ లాగుతుంది. ఇప్పుడు ఎల్‌ఈడీలొచ్చి బరువు తగ్గింది గానీ తీగ తగ్గలేదు. పది రూపాయల నోటు వచ్చి సరిగ్గా ఆవిడ కాలి దగ్గర పడినా వంగలేదు. వంగితే చట్రం జారుతుంది. ఆవిడ చూస్తుండగానే డప్పు కుర్రాడో, పెళ్ళివారి పిల్లాడో ఎగబడి తీసుకుపోతాడు. ఆ ఊరేగింపులో రెండు వేలు చల్లినా ఆ వరసలో ఒక్కరికీ పైసా చేరదు. బ్యాండు మేస్త్రీకి మీరు చేతికిచ్చిన బక్షీసులో కూడా వాళ్ళ వాటా ఉండదు. వాళ్ళు బ్యాండు మనుషులు కారు, ఆ రాత్రికి కూలికొచ్చినవాళ్ళు.

అందుకని న్యోఛావర్‌కి పది నోట్ల కట్ట ఒక్కటి చాలు. కట్టకి వంద నోట్లు, అంటే వెయ్యి రూపాయలు. దాన్ని ఒక్క బాబాయి చేతికే ఇవ్వండి. బయలుదేరేటప్పుడు కొంత, మండపం గుమ్మం దగ్గర కొంత, తల చుట్టూ తిప్పి బ్యాండు మేస్త్రీ చేతిలో పెట్టమనండి. దీపాలు మోసేవాళ్ళ డబ్బు వేరే కవర్లలో ఉంచి, మండపం చేరి చట్రాలు దించాక, చేతులు ఖాళీ అయ్యాక, మనిషి మనిషికీ ఇవ్వండి. దించీ దించగానే ఇవ్వాలి. పది నిమిషాలు దాటితే బండెక్కి వెళ్ళిపోతారు, ఇంకో ఊరేగింపు ఉంటుంది.

ఊరేగింపు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రాత్రి 10 దాటాక సౌండు పెట్టమని డీజే వాడికి ఐదువందలు చూపించడం బక్షీసు కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లకి నిషేధం 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల్లోనే ఉంది. డీజేల మోత మీద గట్టిగా పట్టుకున్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది కూడా ఈ ఊళ్ళోనే. ఆ ఐదువందలకి సామాను జప్తయితే నష్టపోయేది మీరు కాదు, వాడు. మన ముహూర్తం తెల్లవారుజామున మూడుకైతే సన్నాయికి మైకు పెట్టకండి. సన్నాయికి మైకెందుకు అసలు?

పంతులుగారి విషయం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ పెద్ద పొరపాట్లు జరగవు. మాట్లాడుకున్న దక్షిణ వేరు, సంభావన వేరు. రెంటినీ ఒకే కవర్లో పెట్టకండి. తాంబూలంలో పెట్టి దంపతులిద్దరూ ఇవ్వాలి. ఆయనతో వచ్చిన సహాయకుడికి విడిగా, ఆయన ఎదురుగానే ఇవ్వండి. వధూవరుల పక్షాలకి ఇద్దరు పురోహితులుంటే, ముఖ్యంగా ఒకరు తెలుగువారు, ఒకరు ఇక్కడి పండిత్‌జీ అయితే, సంభావన సమానంగా ఉండాలి. మీది తక్కువ, వాళ్ళది ఎక్కువ అని తేడా చూపిస్తే మంత్రాల్లో తేడా రాదు గానీ వియ్యాలవారి మొహాల్లో వస్తుంది.

సన్నాయి మేళాన్ని విజయనగరం వైపు నుంచి పిలిపించుకుంటే వాళ్ళకి అన్నిటికంటే ముందు కావాల్సింది బక్షీసు కాదు, తిరుగు టికెట్టు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఖాయం చేసి, రాత్రి నడుం వాల్చడానికి ఒక గది చూపించి, ఆ తరవాత పదహార్ల మాట. గది లేకపోతే మీరిచ్చే వెయ్యినూటపదహార్లకి అర్థం లేదు.

ఇక భోజనాలు. ఇక్కడి కేటరింగు కుర్రాళ్ళకి అలవాటైంది బఫే. కౌంటరు వెనక నిలబడి గరిటె తిప్పడం. మనవాళ్ళు పంక్తి అంటారు. అంటే అన్నం బేసిన్లు, సాంబారు బకెట్లు పట్టుకుని, వంగి వంగి, వరసకి నలభై ఆకుల మీదుగా నడవాలి. పులిహోర ముందా పప్పు ముందా తెలీదు. “నెయ్యి, నెయ్యి!” అని ఈ మూల నుంచి ఒకాయన అరుస్తాడు, ఆ మాట వాడికి అర్థం కాదు, హిందీలో చెప్పేవాడు పక్కన ఉండడు. మూడు పంక్తులు అయ్యేసరికి నడుములు పడిపోతాయి. ఇది బక్షీసుతో సర్దుకునే విషయం కాదు. బఫేకి పదిమంది చాలితే పంక్తికి ఇరవైమంది కావాలని ఒప్పందంలోనే రాసుకోండి, దానికి డబ్బు కట్టండి. బక్షీసు ఆ పైన. అదీ ఆఖర్న కాదు, మొదటి పంక్తి లేవగానే సగం ఇచ్చెయ్యండి. చివర్లో ఇద్దామనుకుంటే సగంమంది అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు, ఉన్న సగం అందరి వాటా మాకే అంటారు. మొదటి పంక్తికే చేతిలో కొంత పడితే రెండో పంక్తిలో వడ్డన మారడం మీరు కళ్ళారా చూస్తారు.

వాళ్ళ అన్నం సంగతి కూడా చూడండి. ఫొటోగ్రాఫరు, డ్రైవర్లు, బ్యాండు వాళ్ళు, వడ్డించే కుర్రాళ్ళు, అందరూ తినేది ఆఖరి పంక్తి తరవాతే. అప్పటికి మిగిలేది చల్లారిన అన్నం, అడుగు పప్పు, పచ్చడి. పూర్ణాలు ఎప్పుడో అయిపోతాయి. మొదటి పంక్తికి ముందే ముప్ఫైమందికి సరిపడా అన్ని రకాలూ విడిగా తీసి మూతపెట్టించండి. ఇది మేనత్తల్లో గట్టి మనిషికి అప్పజెప్పాల్సిన పని, మగవాళ్ళకి గుర్తుండదు.

సరే, డబ్బు ఎవరి చేతిమీదుగా వెళ్ళాలి? బిలాస్‌పూర్ స్టేషన్లోనే జరిగిన ఒక కథ ఉంది, కవితలో. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘పలాతక’ సంపుటి 1918లో వచ్చింది. అందులోది ‘ఫాంకి’. జబ్బుతో ఉన్న ఇరవైమూడేళ్ళ భార్య బినూని గాలిమార్పుకి తీసుకెళ్తూ భర్త బండి మారడానికి ఇక్కడ దిగుతాడు. ఆరు గంటలు ఆగాలి. ప్రయాణికుల గదిలో ఝమ్రూ అనే కూలీ భార్య రుక్మిణి బినూకి తన గోడు చెప్పుకుంటుంది. కూతురి పెళ్ళి కుదిరింది, నగకి పాతిక రూపాయలు తక్కువయ్యాయి. ఇవ్వమని బినూ భర్తనడుగుతుంది. తన దగ్గర నూరు రూపాయల నోటే ఉంది, చిల్లర లేదంటాడు. స్టేషన్లో మార్చుకోవచ్చు కదా అంటుంది ఆవిడ. సరేనని బయటికెళ్ళి, రుక్మిణిని చాటుకి పిలిచి, ఉద్యోగం ఊడగొట్టిస్తానని బెదిరించి, కాళ్ళు పట్టుకుంటే రెండు రూపాయలు పడేసి పంపేస్తాడు. బినూ ఇచ్చాడనే నమ్ముతుంది. రెండు నెలలకి ఆవిడ పోతుంది, భర్త మీద కొండంత తృప్తితో. తరవాత అతను ఆ బాకీ తీర్చుకోడానికి మళ్ళీ బిలాస్‌పూర్ వచ్చి వాకబు చేస్తే రుక్మిణి జాడ చెప్పేవాడే ఉండడు. ఈ కవితని స్టేషన్లో ప్రదర్శనకి పెట్టారు కూడా.

అందరూ దీన్ని పశ్చాత్తాపం కథగా చదువుతారు, నిజమే. పెళ్ళి పనులు నడిపేవాడు మాత్రం ఇందులో ఇంకోటి చూడాలి. ఇవ్వాలనుకున్న మనిషి, పుచ్చుకోవాల్సిన మనిషి ఒకే గదిలో ఉన్నారు. మధ్యలో డబ్బు పట్టుకున్నవాడు ఒకడొచ్చాడు. చిల్లర లేదన్నాడు. పాతిక కాస్తా రెండయింది. ఇచ్చినావిడకి తెలీదు. మన పందిళ్ళలో ప్రతి సీజన్లోనూ జరిగేది ఇదే.

“ఏరా, గిన్నెలు తోమేవాళ్ళకి ఏమైనా ముట్టిందా?”

“ఠేకేదారుకి ఐదు వేలిచ్చేశాను బావా, అందరికీ వాడే పంచుకుంటాడు.”

పంచుకుంటాడు, నిజమే. ఎలా పంచుకుంటాడన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఈ పనికి ఒక్క మనిషిని పెట్టండి. పెళ్ళికూతురి తండ్రి వద్దు, ఆయన పీటల మీద ఉంటాడు. నలుగురిలో గొంతు పెద్దదైన బావ కూడా వద్దు, ఆయన ఇచ్చే వంద రూపాయలకి వందమంది సాక్షులు కావాలి. చిన్నల్లుడో, పెళ్ళికాని మేనమామో, హిందీ బాగా వచ్చినవాడు, రాత్రంతా మెలకువగా ఉండగలవాడు, ముఖ్యంగా ఆ రాత్రి మందు జోలికి పోనివాడు కావాలి. ఆడవాళ్ళు తోమే చోటికి ఆడమనిషే వెళ్ళాలి. ఓ పిన్నినో అప్పనో పంపండి. “ఏయ్ బాయీ” అని కాకుండా “దీదీ” అని పిలిచేవాళ్ళని పంపండి. ఇద్దరికీ వేరు వేరు సంచులు, ఒక చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. ఇచ్చినప్పుడల్లా ఒక టిక్కు. అంతే.

ఫోన్లో పంపేద్దామంటారు ఈ కాలం పిల్లలు. బ్యాండు మేస్త్రీ డప్పుకి క్యూఆర్ అట్ట అంటించుకుంటున్న రోజులే ఇవి. కానీ ఆ అట్ట మేస్త్రీది, ఖాతా మేస్త్రీది. కూలికొచ్చిన పదిమందికీ ఒకే అట్ట అంటే మళ్ళీ ఠేకేదారు దగ్గరికే వచ్చాం. ఇక్కడ నోటే మేలు.

చిల్లర వారం ముందే తెచ్చుకోవాలి. పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాంకులో కొత్త పది నోట్ల కట్టలు దొరకవు, బయట పైడబ్బు పోసి కొనాలి. వందలు, యాభైలు పాతవైనా పర్వాలేదు, చిరిగినవి కాకుండా చూడండి. రూపాయి బిళ్ళ అంటించి ఉన్న శగున్ లిఫాఫాలు బుధ్‌వారీ బజార్లో దొరుకుతాయి. పనివాళ్ళకి అవే వాడండి, అంకె వాళ్ళకి తెలిసినదే ఉంటుంది. 101, 201. మన పదహార్లు మన పంతులుగారికీ, మన మేళానికీ దాచుకోండి. కేటరింగు కుర్రాడి చేతిలో నూటపదహారు పెడితే, “భయ్యా, యే సోలా కిస్ బాత్ కా?” (ఈ పదహారు దేనికి?) అని నిజాయితీగా అడుగుతాడు. దానికి మన దగ్గర ఉన్న సమాధానాలన్నీ కథలే.

ఎంత ఇవ్వాలో చెప్పకుండా తప్పించుకోను. ఇది నా లెక్క, శాస్త్రం కాదు. బంగారం, బట్టలు, హాలు అద్దె తీసేసి, పనివాళ్ళతో జరిగే మొత్తం ఖర్చులో నూటికి రెండు. వంట, టెంటు, బ్యాండు, బళ్ళు కలిపి 4 లక్షలైతే 8 వేలు. వడ్డించే ఇరవైమందికి తలా వంద. గిన్నెలు తోమే ఆరుగురికి తలా మూడువందలు. అవును, వాళ్ళకి ఎక్కువే; అందరికంటే చివర వెళ్ళేది వాళ్ళు, అతిథుల కంటికి అసలు కనిపించనిది వాళ్ళు. వంటసాయం ఐదుగురికి తలా రెండువందలు. దీపాలవాళ్ళు పన్నెండుమందికి తలా వంద. టెంటు కుర్రాళ్ళు ఆరుగురికి తలా వంద. ముగ్గురు డ్రైవర్లకి తలా రెండువందలు, ఊడ్చే ఇద్దరికి తలా మూడువందలు, రాత్రి కాపలా మనిషికి రెండువందలు. సరిగ్గా 8 వేలు అయిపోయింది. వంట మేస్త్రీ సత్కారం, ధుమాల్ న్యోఛావర్ దీనికి బయటివి. ఎవరో ఒకరు లెక్కలో లేనివాళ్ళు తప్పకుండా వస్తారు కాబట్టి ఇంకో వెయ్యి విడిగా పెట్టుకోండి. ఇంత ఇవ్వలేనివాళ్ళు తలా సగం ఇవ్వండి, మనుషుల్ని మాత్రం తగ్గించకండి. ఇరవైమందికి యాభై చొప్పున ఇచ్చిన ఇంటిని గౌరవంగానే చెప్పుకుంటారు. పదిమందికి వంద ఇచ్చి పదిమందిని వదిలేసిన ఇంటి మాట వేరేగా ఉంటుంది.

ఇలా అన్నీ కుదిరాక అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు అంతా తలకిందులు చేస్తాడు. అక్కడ పదిహేను, ఇరవై శాతం టిప్పు ఇవ్వడం అలవాటైనవాడు, కాఫీ తెచ్చిన కుర్రాడి చేతిలో ఐదువందల నోటు పెడతాడు. మనసు మంచిదే. పది నిమిషాల్లో ఆ కుర్రాడి చుట్టూ మిగతా పందొమ్మిదిమంది మూగుతారు, మిగతా అతిథులకి కాఫీ ఉండదు. అతన్ని పక్కకి పిలిచి, “నాయినా, నీ సంతోషం ఈ సంచిలో వెయ్యి, అందరికీ సమానంగా వెళ్తుంది” అని చెప్పండి. సంతోషంగా వేస్తాడు. వాళ్ళ దేశంలోనూ ఈ చిక్కు లేకపోలేదు. హాలు బిల్లులో సర్వీసు ఛార్జీ అని రాసిన డబ్బు వడ్డించినవాళ్ళకి వెళ్తుందా, హాలు యజమానికి వెళ్తుందా అని ఒప్పందం చదువుకోవాల్సిందే. ఇక్కడ హోటల్లో రిసెప్షన్ పెట్టుకుంటే బిల్లు చివర అదే సర్వీసు ఛార్జీ కనిపించవచ్చు. అడక్కుండా దాన్ని బిల్లులో వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీయించేసి, ఆ డబ్బు మీ సంచిలోంచి మీరే పంచండి.

రైల్వే ఊరు కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. క్వార్టర్లో పెళ్ళి చేస్తున్నా, రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు తీసుకున్నా, కరెంటు చూసేవాడో నీళ్ళు వదిలేవాడో రైల్వే ఉద్యోగే అయి ఉండొచ్చు. డ్యూటీలో ఉన్నవాడికి డ్యూటీ పనికి డబ్బు చేతిలో పెట్టడం బక్షీసు కాదు, లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరవాత ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపల ఫిర్యాదు చెయ్యాలి. మీరూ రైల్వే కుటుంబమే, అతనూ రైల్వే కుటుంబమే. శుభలేఖ ఇచ్చి భోజనానికి పిలవండి. అదే హాల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే మనిషికి మాత్రం కవరు ఇవ్వండి, ఆ తేడా హాలు బుక్ చేసినప్పుడే కనుక్కోండి. విశాఖ నుంచి రాత్రి బండిలో వచ్చే చుట్టాల సామాను మోసే ఎర్రచొక్కా కూలీలకి రేటు స్టేషన్లో బోర్డు మీద రాసి ఉంటుంది. పెళ్ళి సామానంటే సారె కావిళ్ళు, లడ్డూ బుట్టలు. బరువు కంటే జాగ్రత్త ఎక్కువ. బోర్డు రేటు మీద ఇరవయ్యో ముప్ఫయ్యో అందరూ దిగాక ఒకరే ఇవ్వండి. ప్రతి చుట్టం తలుపు దగ్గరే విడివిడిగా బేరమాడితే రైలు కదిలిపోతుంది.

పిల్ల తెలుగు, పిల్లాడు ఛత్తీస్‌గఢీ అయితే నేగ్ జాబితా ముందే అడిగి తెచ్చుకోండి. ఏ తంతుకి ఎవరికి ఎంత అనేది వాళ్ళింటి పెద్దావిడ వేళ్ళ మీద చెప్తుంది. మనవైపు ఆడపడుచుల లాంఛనాలూ అలాగే రాసి వాళ్ళకివ్వండి. చెప్పులు దాచే మరదళ్ళ డబ్బు, గుమ్మం అడ్డే ఆడపడుచుల డబ్బు సరదా డబ్బు. వాటి బేరం ఎంతసేపైనా సాగనివ్వండి. ఆ సరదా బేరం వినీ వినీ అదే నోటితో దీపాలావిడ దగ్గర కూడా బేరమాడేవాళ్ళుంటారు, వాళ్ళని కాస్త కనిపెట్టి ఉండండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరిద్దరు తప్పిపోతారు. నోటుపుస్తకంలో టిక్కు పడని పేరు మర్నాడు పొద్దున్నే కనిపిస్తుంది. అందుకే కవరు ఇచ్చేటప్పుడు కాదు, పనిలో దిగినప్పుడే ప్రతి గుంపు నుంచి ఒకరి ఫోను నంబరు రాసుకోవాలి. ఠేకేదారుది కాదు, పనిచేసే మనిషిది. ఆ నంబరుకి చేసి, ఎక్కడున్నారో కనుక్కుని, రెండు మూడు రోజుల్లోపలే మనిషిని పంపి ఇప్పించండి. వారం దాటితే ఆ గిన్నెలు తోమే గుంపు ఇంకో ఠేకేదారు కింద కోర్బాలోనో, రాయ్‌గఢ్‌లోనో ఉంటుంది.